అరుగు మీద సోఫా

నందెపు భీమశంకరానికి ఒక్క రూపాయి అప్పు లేదు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే దిష్టి తగులుతుందని ఆయన భార్య మంగతాయారు భయం. ఆవిడ భయం నిజమే అయింది, కాకపోతే తగిలింది ఇరుగుపొరుగు దిష్టి కాదు, ఆయన పనిచేసే ఆఫీసు దిష్టి.

లంకవరంలో ఉప్పునీటి నివారణ మండలి అని ఒకటుంది. సముద్రం పోటెత్తినప్పుడు ఉప్పునీళ్లు కాలువల్లోకి ఎగదన్ని వరిచేలు పాడుచెయ్యకుండా చూడటం దాని పని. సముద్రం తన పని తాను చేసుకుపోయేది, మండలి తన ఫైళ్లు తాను చూసుకునేది, ఒకరి జోలికి ఒకరు వెళ్లేవారు కాదు. భీమశంకరం అక్కడ సీనియర్ అసిస్టెంటు. టీ కొట్టులో కూడా ఖాతా పెట్టనివ్వని మనిషి. జేబులో చిల్లర లేకపోతే ఆ పూట టీ మానేస్తాడు గానీ రేపిస్తానన్న మాట నోట రానివ్వడు.

మిగతా ఆఫీసు తీరు వేరు. అక్కడ చేబదులు అడగడం పలకరింపు కిందే లెక్క. నెలాఖరున ఇద్దరు ఎదురుపడితే బాగున్నారా అని అడగరు, ఓ ఐదొందలుంటాయా అని అడుగుతారు. లేవంటే నొచ్చుకోరు, ఉన్నాయంటేనే కాస్త ఆశ్చర్యపోతారు. ఈ విద్యలో అందరికీ పెద్ద త్రిమూర్తులు. మనిషి మంచివాడు, మాట తేనె. అతను అప్పడగని మనిషి ఆ ఊళ్లో లేడు. భీమశంకరం దగ్గర కూడా పిల్లాడి జ్వరమని మూడువేలు పట్టుకెళ్లాడు. జ్వరం తగ్గి ఏడాది దాటింది. భీమశంకరం అడగలేదు, అడగడం ఆయనకి చేతకాదు. మంగతాయారు మాత్రం త్రిమూర్తులు ఎదురైనప్పుడల్లా పిల్లాడి ఒంట్లో ఎలా ఉంది తమ్ముడూ అని అడుగుతుంది. త్రిమూర్తులుకి ఆ ప్రశ్న అర్థమవుతుంది.

అసలు గొడవంతా ఛైర్మన్ గారు వచ్చిన రోజున జరిగింది. రాజధాని నుంచి ఆయన తనిఖీకి వచ్చి కారు దిగి వరండాలోకి అడుగు పెట్టారో లేదో, ఎవరో బలిష్ఠుడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. స్వాగతమే అనుకుని ఛైర్మన్ గారు నవ్వారు. వాడు మోటారు సైకిలు ఫైనాన్సు తాలూకు వసూళ్లవాడు. త్రిమూర్తులుకి జామీను సంతకం పెట్టింది ఈ పెద్దమనిషేనని ఎవరో దూరం నుంచి చూపించారట. కట్టాకే కదులు అన్నాడు. ఛైర్మన్ గారిని విడిపించడానికి ఆఫీసంతా చందాలు వేసుకోవాల్సి వచ్చింది. ఆ చందా కోసం అందరూ అప్పు చేశారు.

ఛైర్మన్ గారు వెళ్తూ వెళ్తూ జిల్లా అధికారి వైకుంఠనాథ్ గారిని చూసిన చూపు మామూలుది కాదు. వైకుంఠనాథ్ గారు వెంటనే ఏదో కొండమీది హోటల్లో ఆర్థిక ఆరోగ్యం మీద జరిగిన సదస్సుకి ఆఫీసు ఖర్చు మీద వెళ్లి, జ్ఞానంతో తిరిగొచ్చారు. వచ్చీరాగానే అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చారు. ఉప్పునీరు క్షేత్రమును ఏ విధంగా చవుడు చేయుచున్నదో, ఋణము ఉద్యోగిని ఆ విధంగానే నిస్సారుని చేయుచున్నది గనుక ఋణ నివారణ కూడా ఈ మండలి పరిధిలోనికే వచ్చునని ఆయన సెలవిచ్చారు. వాక్యం పూర్తయ్యేసరికి వెనక వరసలో ఒకాయనకి కునుకు పట్టింది.

అలా మొదలైంది స్వస్థత పథకం. అప్పున్న ఉద్యోగికి ఎర్ర బిళ్ల, తీరుస్తున్నవాడికి పసుపు బిళ్ల, తీర్చినవాడికి పచ్చ బిళ్ల. బిళ్ల గుండె మీద తగిలించుకుంటేనే ఆఫీసు గేటు లోపలికి ప్రవేశం. ఏడాది తిరిగేసరికి సిబ్బంది నూటికి నూరు శాతం ఎరుపు నుంచి పచ్చకి మారాలి. పచ్చ బిళ్ల అందుకున్నవాడు హాల్లో వేలాడదీసిన కంచు గంట కొట్టాలి, ఫొటో దిగాలి. ఉద్యోగులు ఒకరికొకరు ఇచ్చుకున్న చేబదుళ్లన్నీ ఆనాటి నుంచి రద్దని కూడా ఉత్తర్వు వచ్చింది. అప్పు ఇచ్చినవాడే అప్పుకి మూలకారకుడు కనక, వాడికి నష్టం రావడం న్యాయమేనని అందులో వివరణ. త్రిమూర్తులు ఆ ఉత్తర్వుని కళ్లకద్దుకున్నాడు. భీమశంకరం మూడువేలూ అక్కడితో నీళ్లపాలయ్యాయి.

పోతే పోయాయని ఆయన సరిపెట్టుకున్నాడు. మర్నాడు గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు.

"బిళ్లేదండి?"

"నాకు అప్పుల్లేవు బాబూ."

"అప్పులేనోళ్లకి బిళ్ల రాలేదండి. బిళ్ల లేనోళ్లని లోపలికి పంపొద్దన్నారు."

పొద్దెక్కేదాకా గేటు బయటే నిలబెట్టి, చివరికి సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టించుకుని పంపాడు. వచ్చిన పని అన్న గడిలో ఏం రాయాలో తోచక భీమశంకరం ఉద్యోగం అని రాశాడు.

వైకుంఠనాథ్ గారు పిలిపించారు. ఆయన బల్ల మీద కంప్యూటరు తెరలో భీమశంకరం పేరు ఎర్రగా వెలుగుతోంది. అప్పు వివరాల గడి ఖాళీగా ఉంటే అది ముందుకు పోనంటోంది.

"మీకు ఋణము లేదని లిఖితపూర్వకంగా అంగీకరిస్తున్నారా?"

"ఆయ్, లేదండి."

"ఎందుచేత లేదు?"

ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన్ని ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. "చెయ్యలేదండి," అన్నాడు.

"మీ జీతమే అందరికీ. అందరికీ అప్పులున్నవి. మీకు లేవనిన, అయితే దాచుచున్నారు, లేదా వేరే ఆదాయము గలదు. రెండూ శిక్షార్హములే." వైకుంఠనాథ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత కాస్త మెత్తబడ్డారు. "చూడండి శంకరం గారూ, నా లక్ష్యం నూరు శాతం విముక్తి. ఋణంలో లేనివాణ్ణి ఋణం నుంచి విముక్తుణ్ణి చేసే అధికారం నాకు లేదు. మీ ఒక్కరి మూలాన జిల్లా వెనకబడిపోతోంది."

భీమశంకరానికి నిజంగానే తప్పు చేసినట్టు అనిపించింది. అంతటి నెమ్మదస్తుడు.

ఆ నెల జీతం రాలేదు. ఆర్థిక స్థితి నిర్ధారణ కాని ఉద్యోగి అని ఆయనకో కొత్త తరగతి సృష్టించి, నిర్ధారణ అయ్యేదాకా జీతం మండలి దగ్గరే భద్రంగా ఉంటుందన్నారు. తర్వాతి నెలా అంతే. ఈలోగా త్రిమూర్తులు గంట కొట్టాడు. పథకం కింద పరస్పర స్వస్థత సంఘం అని ఒకటి పెట్టారు, పాత అప్పులు తీర్చుకోవడానికి అది కొత్త అప్పు ఇస్తుంది. త్రిమూర్తులు అది తీసుకుని పాతవి తీర్చి పచ్చ బిళ్ల పుచ్చుకున్నాడు. సంఘం అప్పు తీర్చడానికి బయట అప్పు చేసి మళ్లీ ఎరుపుకి వచ్చాడు, ఆ బయటి అప్పుకి సంఘంలో మళ్లీ అప్పు తీసి మళ్లీ పచ్చకి వెళ్లాడు. కొట్టిన ప్రతిసారీ గంట ఒక విముక్తి కింద లెక్క. రాజధానికి పోయిన నివేదికలో జిల్లా విముక్తుల్లో సగంమంది త్రిమూర్తులే. ఛైర్మన్ గారు అతనికి శాలువా కప్పారు. శాలువా కప్పుతూ చెయ్యి మాత్రం దూరంగా పెట్టుకున్నారు.

ఇంట్లో దాచుకున్నది కరుగుతోంది. సంఘంలో చిన్న అప్పొకటి తీసుకుని తీర్చేస్తే పోతుందని భీమశంకరం ఒకరోజు అన్నం తింటూ భార్యతో అన్నాడు. మంగతాయారు మజ్జిగ వడ్డిస్తున్నదల్లా ఆగిపోయింది.

ఆవిడకి అప్పు అంటే డబ్బు కాదు. ఆ ఇంటి అరుగు. కొత్తగా కాపురానికి వచ్చిన నెలలో, ఇంటి పైకప్పుకి మామగారు చేసిన అప్పు కోసం ఒక షావుకారు వచ్చి ఆ అరుగు మీద కూర్చున్నాడు. మగవాళ్లు ఇంట్లో లేని వేళ చూసి వచ్చేవాడు. ఏమే మంగతాయారూ, మీ మావెక్కడే అని వీధి వీధంతా వినేలా పిలిచేవాడు. ఊరికి ఇంకా ఆ పిల్ల పేరే తెలియదు, వాడి నోటి వెంటే తెలిసింది. అత్తగారు చెప్పమంటే తలుపు చాటున నిలబడి, ఊళ్లో లేరండి అని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఒళ్లు చచ్చిపోయేది. ఆ అప్పు తీరేదాకా ఆవిడ కొత్త చీర కట్టలేదు. తీరిన రోజున అరుగు కడిగి ముగ్గు పెట్టి, ఇంకెప్పుడూ నా పేరు ఎవడూ ఈ అరుగు మీంచి పిలవకుండా చూడండి, నాకింకేం వద్దు అని భర్తతో అంది. ఆయన చూస్తూ వచ్చాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆవిడకిచ్చిన నగ అదొక్కటే.

"ఎందుకండీ, మనకి అప్పు లేకపోవడం నేరవా?" అంది.

నేరమేనని ఉత్తర్వులో ఉందని చెప్పలేక ఆయన తన రిటైర్మెంటు సంగతి ఎత్తాడు. అది దగ్గర పడింది. జీతం రాకపోతే పెన్షను కాయితాలూ కదలవు. ఆవిడ సరేనంది గానీ ఒక షరతు పెట్టింది. ఆ డబ్బు గడప దాటి లోపలికి రాకూడదు.

సంఘంలో అన్నిటికంటే చిన్న అప్పు నలభైవేలు. అంతకంటే తక్కువకి కంప్యూటర్లో చోటు లేదట. నలభైవేలూ గుడ్డలో మూటగట్టి భీమశంకరం అరుగు మీది దీపం గూట్లో పెట్టి, దొంగల భయానికి తానూ అరుగు మీదే పక్క వేసుకున్నాడు. రెండోరోజు పొద్దున్నే మూట పట్టుకెళ్లి, ఇదుగోనండి మీ అప్పు, నా పచ్చ బిళ్ల ఇప్పించండి అని వైకుంఠనాథ్ గారి బల్ల మీద పెట్టాడు.

వైకుంఠనాథ్ గారు మూట వైపు జాలిగా చూశారు. వినియోగించని ఋణము ఋణము కాదు, అది కేవలము డబ్బు. డబ్బు తిరిగి ఇచ్చినంత మాత్రాన ఎవరూ విముక్తులు కారు. ముందుగా ఋణ వినియోగ ధ్రువపత్రము బిల్లులతో సహా సమర్పించవలెను. దేనికి వినియోగించవచ్చునో జాబితా ఉంది. సోఫా, పెద్ద టీవీ, ఏసీ, విదేశీ విహారం. నియంత్రణ లేని ఖర్చు చేసినవాడే నియంత్రణ నేర్చుకోగలడని కొండమీది సదస్సులో చెప్పారు గనుక, బియ్యం, మందులు, పైకప్పు మరమ్మతు వంటి అవసరములకు ఈ ఋణము చెల్లదు.

అలా భీమశంకరం నలభైవేలూ పోసి జీవితంలో మొదటిసారి సోఫా కొన్నాడు. ముగ్గురు కూర్చునేది, ముదురు ఎరుపు, చేతులు రెండూ ఏనుగు తొండాల్లా వంపు తిరిగి ఉన్నాయి. దుకాణం వాళ్లు తెచ్చి నిలువుగా పట్టారు, అడ్డంగా పట్టారు, ఏటవాలుగా తోశారు. పాతకాలపు గుమ్మం, దూరలేదు. గుమ్మం సున్నం కాస్త రాలగొట్టి సోఫాని అరుగు మీద పెట్టి, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు అని బిల్లు మీద చూపించి వెళ్లిపోయారు.

"గుమ్మానికైనా బుద్ధుంది," అంది మంగతాయారు. పాత దుప్పటి తెచ్చి దాని మీద కప్పింది. ఆ సోఫా మీద ఆవిడా కూర్చోలేదు, ఆయనా కూర్చోలేదు. వీధిలో పిల్లి ఒకటి కూర్చునేది, దాన్నీ తోలేవారు.

బిల్లు చూసి వైకుంఠనాథ్ గారు ముచ్చటపడి, తమ చేతులతో ఎర్ర బిళ్ల తగిలించారు. ఇంక తీర్చేస్తానన్నాడు భీమశంకరం. ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చి, మిగిలిన పొదుపంతా కలిపితే సరిగ్గా సరిపోతుంది. అకాల విముక్తి నిషిద్ధమని జవాబు వచ్చింది. అప్పు వాయిదాల్లోనే తీరాలి, వాయిదా జీతంలోంచే కోయాలి, చేతికిస్తే చెల్లదు. మరి జీతమో అని అడిగాడు. ఎర్ర బిళ్ల వారి స్థితి నిర్ధారణ అయింది కాబట్టి జీతం మంజూరవుతుంది, కానీ ఎర్ర బిళ్ల వారి చేతికి జీతం ఇవ్వడం ప్రమాదకరం కనక పసుపు బిళ్ల వచ్చేదాకా దాన్ని క్రమశిక్షణ నిధిలో ఉంచుతారు. పసుపు బిళ్ల రావాలంటే మొదటి వాయిదా కట్టాలి. వాయిదా జీతంలోంచి కోయాలి. జీతం నిధిలో ఉంది.

భీమశంకరం ఇదంతా ఒకటికి రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాడు. రెండోసారి చెబుతూ వైకుంఠనాథ్ గారికే మధ్యలో ఎక్కడో దారి తప్పినట్టనిపించింది. గట్టిగా దగ్గి, నిబంధన స్పష్టంగా ఉందన్నారు.

నాలుగు నెలల జీతం అలా మండలి దగ్గర పడుండగా, మొదటి వాయిదా ఎగ్గొట్టినందుకు భీమశంకరానికి మొండి బకాయిదారు అని నోటీసు వచ్చింది. మొండి బకాయిల వసూళ్లకి మండలి కొత్తగా ఒక చైతన్య ప్రతినిధిని నియమించింది. అప్పులవాళ్ల ఎత్తులన్నీ తెలిసినవాడై ఉండాలని వెదికితే, జిల్లాలో అంతటి అర్హత ఉన్నవాడు ఒక్కడే దొరికాడు.

ఒక ఆదివారం పొద్దున్నే త్రిమూర్తులు వచ్చాడు. గుండె మీద పచ్చ బిళ్ల, భుజాన ఛైర్మన్ గారి శాలువా. అరుగెక్కి దుప్పటి తీసి సోఫాలో కూర్చున్నాడు. మెత్తగా దిగబడింది. కిటికీ వైపు వంగి గొంతు తగ్గించి, "రూలు అక్కయ్యగారూ, ఏవనుకోకండి. ఇంటి ఆడవాళ్లని పేరుపెట్టి పిలవాలంట, వీధిలో వినపడాలంట," అన్నాడు. తర్వాత వెనక్కి వాలి గొంతెత్తాడు.

"ఏమే మంగతాయారూ!"

పంపు దగ్గర బిందెలు పెట్టిన ఆడవాళ్లు తలలు తిప్పారు. లోపల వంటింట్లో భీమశంకరం కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన భార్య ముఖంలోకి చూడలేకపోయాడు. ఆవిడ కాళ్లు అలవాటుగా తలుపు చాటుకే వెళ్లాయి. రెండోసారి పిలుపు వచ్చింది. ఊళ్లో లేరండి అన్న మాట ఆవిడ నాలుక మీదికి దానంతటదే వచ్చింది. ఆ మాట రుచి తెలియగానే ఆవిడకి ఒళ్లు మండింది. ఆనాడు పద్దెనిమిదేళ్ల పిల్ల మింగిన కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది.

కొంగు నడుముకి దోపుకుని బయటికి వచ్చింది.

"పిల్లాడి ఒంట్లో ఎలా ఉంది తమ్ముడూ?"

త్రిమూర్తులు సోఫాలో సర్దుకున్నాడు. చేబదుళ్లు రద్దయిపోయాయి కదక్కయ్యగారూ అని గొణిగాడు.

"అది నేనడగలేదు. వేరేది అడుగుతా, చెప్పు. చేసిన పనికి జీతం ఇవ్వాల్సినాడు నాలుగు నెల్లై ఇవ్వకపోతే, వాణ్ణేవంటారు?"

త్రిమూర్తులు ఆలోచించాడు. ఈ విషయంలో అబద్ధమాడటానికి అతనికి మనసొప్పలేదు, ఎంతైనా అది అతని విద్య. "బాకీదారంటారండి."

"బాకీదారు గుమ్మంలో కూర్చుని, పేరుపెట్టి పిలవమనేగా మీ రూలు?"

"ఆయ్. అదే రూలండి."

"అయితే లే. ఆ చివర పట్టుకో."

వీధి వీధంతా చూస్తుండగా సోఫా అరుగు దిగింది. ముందు త్రిమూర్తులు, వెనక భీమశంకరం, పక్కన దుప్పటితో మంగతాయారు. సంత దారిలో ఎవరో, ఇల్లు మారుతున్నారా అని అడిగారు. లేదు, ఆఫీసుకి వెళ్తున్నాం అన్నాడు భీమశంకరం. ఆదివారమైనా ఆఫీసులో సందడిగానే ఉంది. నూరు శాతం విముక్తి నివేదిక రాజధానికి పంపాలని వైకుంఠనాథ్ గారు అందర్నీ రప్పించారు. కాపలా మనిషి మంగతాయారుని ఆపి, బిళ్లేదమ్మా అన్నాడు. ఆవిడ భర్త చొక్కా మీది ఎర్ర బిళ్ల పీకి వాడి చేతిలో పెట్టింది. వాడికి తర్వాత ఏం చెయ్యాలో రూలు గుర్తు రాలేదు.

సోఫాని వరండాలో వైకుంఠనాథ్ గారి గది ఎదురుగా దించారు. మంగతాయారు దుప్పటి పరిచి మధ్యలో కూర్చుంది. ఆ సోఫాలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. భీమశంకరాన్ని కూడా కూర్చోమంది. ఆయన తటపటాయించి, ఒక చివర కూర్చున్నాడు.

"ఏమయ్యా వైకుంఠనాథూ!"

హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఎరుపువాళ్లూ పసుపువాళ్లూ పచ్చవాళ్లూ అందరూ వరండాలోకి వచ్చారు. గది గుమ్మానికి వేలాడే పరదా కదిలింది, ఆగింది. కారు వాకిట్లోనే ఉంది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. పరదా కింద నుంచి రెండు నల్ల బూట్లు కనిపిస్తున్నాయి. కాసేపటికి ప్యూను బయటికి వచ్చి, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"అయ్యగారు క్యాంపుకెళ్లారండి. ఊళ్లో లేరు."

ఆ మాట విని మంగతాయారు నవ్వలేదు. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఆవిడకి తెలుసు. ప్యూను మీద జాలేసింది, బూట్ల మీద వెయ్యలేదు.

ఫరవాలేదు, వచ్చేదాకా కూర్చుంటాం అని చెప్పమంది. గేటు బయటి కొట్టు నుంచి టీ మనిషి రెండు గ్లాసులు పట్టుకొచ్చి, శంకరం గారి పేరున ఖాతా ఇప్పుడైనా తెరవమంటారా అని అడిగాడు. వద్దంది ఆవిడ. కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టి వాడి చేతిలో పోసింది. నెమ్మదిగా టీ తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్లీ పిలిచింది.